టెర్మినల్‌లో తెలుగు: ఏ లొకేల్ పెట్టుకోవాలి, ఏ విండో వాడుకోవాలి

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు లినక్స్ వేసుకున్న కొత్తల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, తెలుగు కరెక్టుగా కనబడాలంటే ఏ టెర్మినల్ వేసుకోమంటావు?" చిత్తూరులో డేటా ఎంట్రీ పనులు చేసేవాళ్లు కూడా ఇదే అడుగుతారు (టెర్మినల్ అంటే కమాండులు టైపు చేసి పని నడిపే విండో). అడగాల్సిన ప్రశ్నే, కానీ ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. తెలుగు అక్షరాలు చెడకుండా నిలబడటం ఒక పని, అవి తెర మీద చక్కగా కనబడటం ఇంకో పని. మొదటిదాన్ని లొకేల్ (భాష, దేశం, ఎన్‌కోడింగ్ ఏవో కంప్యూటరుకు చెప్పే సెట్టింగు), ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చూసుకుంటాయి. రెండోదాన్ని టెర్మినల్ విండో, ఫాంటు చూసుకుంటాయి. ఒత్తు విడిపోయి కనబడితే చదవడానికి ఇబ్బంది, అంతే. ఎన్‌కోడింగ్ తప్పితే మాత్రం జాబితాలో మనుషుల పేర్లే పోతాయి, మళ్లీ రావు. అందుకే ముందు లొకేల్ సంగతి చూడమంటాను, విండో సంగతి ఆ తర్వాత.

మన వైపు ఈ అవసరం కాస్త ఎక్కువే. కుప్పం దగ్గర ఒకే జాబితాలో తెలుగు, తమిళ, కన్నడ పేర్లు మూడూ రావచ్చు. నగరి, పుత్తూరు వైపు తమిళం ఉండనే ఉంటుంది. తెలుగుకు మాత్రమే సరిపోయే ఏర్పాటు ఇక్కడ చాలదు. అన్ని లిపులనూ ఒకే ఫైల్లో మోయగలిగేది యూనికోడ్, దాన్ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి, యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. 'తిరుపతి' అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు గుడులు, కొమ్ము విడివిడిగా కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు. ఈ మూడు లెక్కలూ గుర్తుపెట్టుకోండి, కింద చెప్పబోయే తలనొప్పుల్లో సగం వీటి మధ్య తేడా వల్లే వస్తాయి.

తప్పు ఎక్కడుందో ముందు గుర్తుపట్టాలి

తెర మీద ఏం కనబడుతోందన్నదాన్ని బట్టే చాలావరకు చెప్పేయొచ్చు. ఖాళీ డబ్బాలు కనబడితే ఫాంటు లేదని అర్థం, డేటాకు ఏమీ కాలేదు. ఆ డబ్బాలనే కాపీ చేసి బ్రౌజర్లో పేస్ట్ చేస్తే తెలుగు వచ్చేస్తుంది. లాటిన్ 'ఎ' మీద చిన్న గీత, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇవే మళ్లీ మళ్లీ వస్తుంటే యూటీఎఫ్-8 బైట్లను పాత పశ్చిమ యూరప్ కోడ్ పేజీగా (అక్షరాల పట్టికగా) చదువుతున్నారన్నమాట. ఇప్పటికీ డేటా భద్రమే, కాకపోతే ఆ స్థితిలో ఫైల్ని సేవ్ చేయకూడదు. గుడో కొమ్మో చుక్కల వలయం మీద ఒంటరిగా కూర్చుని కనబడితే లోపం విండోది.

భయపడాల్సింది ప్రశ్నార్థకాలు చూసినప్పుడు. అవి తెర మీద మాత్రమే ఉన్నాయా, ఫైల్లోకే ఎక్కేశాయా అన్నది వెంటనే తేల్చుకోవాలి. ఎక్స్ఎక్స్‌డీ కమాండుతో ఫైలు బైట్లను హెక్సాలో చూడండి. తెలుగు బతికే ఉంటే ప్రతి మూడు బైట్లకూ ఈ0, దాని తర్వాత బీ0 గానీ బీ1 గానీ కనబడుతుంది. వరసగా 3ఎఫ్‌లు ఉంటే అవి నిజమైన ప్రశ్నార్థకాలే. అసలు అక్షరాలు పోయినట్టే, బ్యాకప్ వెతుక్కోవాలి.

ఇంకో రకం ఉంది, అది లొకేల్‌తో బాగుపడేది కాదు. డీటీపీ సెంటర్లలో పెళ్లి పత్రికలకు, కరపత్రాలకు ఏళ్ల తరబడి అను ఫాంట్లు వాడారు. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, లాటిన్ సంకేతాల మీద తెలుగు ముక్కల బొమ్మలు పరిచారు. టెర్మినల్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనబడుతుంది. వాటిని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. ఇంకో దారి లేదు.

లొకేల్: మూడింట్లో ఏది?

లినక్స్‌లో మనకు అసలైన ఎంపిక మూడింటి మధ్యే. ఒకటి తెలుగు-ఇండియా లొకేల్, పేరులో చిన్న టీ ఈ, అండర్‌స్కోర్, పెద్ద ఐ ఎన్ ఉంటాయి. రెండోది ఇంగ్లీష్-ఇండియా, చిన్న ఈ ఎన్, అండర్‌స్కోర్, పెద్ద ఐ ఎన్. మూడోది సీ-యూటీఎఫ్-8, అంటే ఏ దేశానికీ భాషకూ కట్టుబడకుండా ఎన్‌కోడింగ్ మాత్రం యూటీఎఫ్-8గా ఉంచేది. మూడింటిలోనూ తెలుగు అక్షరాలు చెడవు. తేడా అంతా మిగతా విషయాల్లో ఉంది.

తెలుగు లొకేల్ పెట్టుకోవాలని మనసు లాగుతుంది, నాకూ అదే ఇష్టం. తేదీ అడిగితే నెల పేరు, వారం పేరు తెలుగులో వస్తాయి. కానీ రోజంతా పనిచేసే మెషీన్ మొత్తానికి దాన్ని పెట్టమని చెప్పలేను. కమాండుల సందేశాలు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కలగాపులగంగా వస్తాయి. ఎర్రర్ వస్తే దాన్ని నెట్‌లో వెతకడానికి ఇంగ్లీషు వాక్యం కావాలి. ఇంగ్లీషు నెల పేర్లను ఆశించి రాసిన స్క్రిప్టులు తెలుగు నెల పేరు చూడగానే తప్పుదారి పడతాయి. ఈ చివరిది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, లాగ్ ఫైళ్లను తేదీ బట్టి ఏరే స్క్రిప్టు ఒక్కటి చాలు రాత్రంతా టెన్షన్ పెట్టడానికి.

సొంత ల్యాప్‌టాప్‌కు నా ఓటు ఇంగ్లీష్-ఇండియాకే. సందేశాలు ఇంగ్లీషులో ఉంటాయి, అంకెల మధ్య కామాలు మన లక్షల పద్ధతిలో పడతాయి, తెలుగు మామూలుగా నడుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఈ లొకేల్ పేరు చివర చుక్క పెట్టి యూటీఎఫ్-8 అని చేర్చే వాడండి. చేర్చకపోయినా సిస్టమ్ దాన్ని యూటీఎఫ్-8గానే చూస్తుంది గానీ, టీమక్స్ (ఒకే విండోలో చాలా టెర్మినళ్లు నడిపేది) లాంటి ప్రోగ్రాములు పేరులో ఆ మాట ఉందా లేదా అని వెతుకుతాయి. లేకపోతే తెలుగు అక్షరాల చోట అండర్‌స్కోర్లు గీసేస్తుంది టీమక్స్. బయట బాగా కనబడే ఫైలు టీమక్స్‌లోకి వెళ్లగానే గీతలైపోతే కారణం చాలాసార్లు ఇదే. టీమక్స్‌ను చిన్న యూ ఆప్షన్‌తో తెరిచినా సరిపోతుంది.

సర్వర్లకు, డాకర్ కంటెయినర్లకు (ప్రోగ్రాములను విడిగా నడిపే పెట్టెలకు), క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపే ఏర్పాటులో) నడిచే స్క్రిప్టులకు సీ-యూటీఎఫ్-8 మేలు. విడిగా లొకేల్ తయారు చేయాల్సిన పని ఉండదు, ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా వస్తాయి. డెబియన్ కుటుంబంలో ఇది ముందునుంచీ ఉంది, జీలిబ్‌సీ (లినక్స్‌లో లొకేళ్లను చూసుకునే లైబ్రరీ) అసలు మూలంలోకి 2022లో 2.35 వెర్షన్‌తో చేరింది. క్రాన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మీ టెర్మినల్‌లో ఉన్న సెట్టింగులు క్రాన్‌కు వాటంతటవి అందవు. చేత్తో నడిపితే బాగా పనిచేసిన స్క్రిప్టు రాత్రి క్రాన్‌లో తెలుగు దగ్గర ఆగిపోతే, స్క్రిప్టు మొదట్లోనే లొకేల్ పెట్టేయండి. పైథాన్ 3.7 నుంచి ఈ బాధ తగ్గింది, ఉత్త సీ లొకేల్ కనబడితే అదే యూటీఎఫ్-8 వైపు తిరుగుతుంది. పెర్ల్, ఆక్ అనే స్క్రిప్టు భాషలు అలా చేయవు.

ఎల్‌సీ-ఆల్ అనే వేరియబుల్ మిగతా అన్నిటినీ తొక్కేస్తుంది. దాన్ని శాశ్వతంగా పెట్టకండి. లాంగ్ అనే వేరియబుల్ ఒక్కటి పెట్టి, మిగతావి అవసరమైన కమాండు ముందు మాత్రమే రాసుకుంటే తర్వాత మార్చుకోవడం తేలిక. పేర్లను వరస పెట్టేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. సీ-యూటీఎఫ్-8లో సార్ట్ కమాండు సంకేతాల అంకెల ప్రకారం వరస పెడుతుంది. యూనికోడ్‌లో 'ళ' స్థానం 'ల' పక్కనే, 'వ' కంటే ముందు. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో 'ళ' వచ్చేది 'హ' తర్వాత. అంటే కల్యాణి పేరును 'ళ'తో కళ్యాణి అని రాసుకున్న అమ్మాయి, జాబితాలో కవిత కంటే ముందు వచ్చేస్తుంది. హాజరు పట్టీకి ఇది పట్టించుకోనక్కర్లేదు. అచ్చు వేసే నిఘంటువుకో, పుస్తకం చివరి పదసూచికో అయితే వరస తెలిసిన మనిషి చూడాల్సిందే.

లొకేల్ తయారు చేయడం పెద్ద పని కాదు. ఉబుంటు, డెబియన్‌లలో లొకేల్-జెన్, ఫెడోరాలో జీలిబ్‌సీ లాంగ్‌ప్యాక్ ప్యాకేజీ, తర్వాత ఒకసారి లాగౌట్ అయి రావడం, అంతే. ఇబ్బంది ఎస్ఎస్‌హెచ్ దగ్గర, అంటే దూరంగా ఉన్న సర్వర్లోకి లాగిన్ అయ్యేటప్పుడు వస్తుంది. డెబియన్, ఉబుంటు మెషీన్లు మన లొకేల్ పేరును అవతలి సర్వర్‌కు కూడా పంపిస్తాయి. ఆ లొకేల్ అక్కడ లేకపోతే పెర్ల్ నడిచిన ప్రతిసారీ పొడవాటి హెచ్చరిక వస్తుంది. సర్వర్ మీ చేతిలో ఉంటే అక్కడా ఆ లొకేల్ తయారు చేయండి, కాలేజీదో ఆఫీసుదో అయితే లాగిన్ కాగానే సీ-యూటీఎఫ్-8కు మారిపోండి.

విండో ఎంపిక

ఏ టెర్మినల్‌ని పరీక్షించాలన్నా నేను ఇవే మాటలు టైపు చేస్తాను: చిత్తూరు, శ్రీకాళహస్తి, జ్ఞానం, స్త్రీ, చెన్నై. ఒత్తు, రెండు ఒత్తులు, గుడి దీర్ఘం, ఐత్వం అన్నీ ఇందులో వచ్చేస్తాయి. జ్ఞ సంగతి తెలుగు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరానికి మధ్యలో కనబడని ఒక సంకేతం చేరిన రూపం ఐఫోన్లను స్తంభింపజేసింది, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఒత్తుల లెక్క పెద్ద కంపెనీలకు కూడా తేలిక కాదని అప్పుడు అందరికీ తెలిసింది.

టెర్మినల్‌కు అసలు కష్టం ఎక్కడంటే, అది తెరను సమాన వెడల్పు గడులుగా విభజించుకుంటుంది. ఇంగ్లీషుకు ఒక అక్షరం ఒక గడి, ఏ గొడవా లేదు. తెలుగులో గుడికి, దీర్ఘానికి వెడల్పు లేదని, కొమ్ముకు, సున్నకు ఉందని యూనికోడ్ పట్టికల్లో వర్గీకరణ ఉంది. అందుకని చాలా ప్రోగ్రాములు 'తిరుపతి'కి ఐదు గడులు కేటాయిస్తాయి, కంటికి కనబడేవి నాలుగే. 'చిత్తూరు'లో త ఒత్తు ఇంకా కష్టం. రెండో 'త' వేరే గడిలో పడుతుంది, కానీ అది మొదటి 'త' కిందికి చేరాలి. గడికో అక్షరం చొప్పున గీసే టెర్మినల్ ఆ రెంటినీ కలపలేదు, పొల్లు పెట్టి పక్కపక్కన నిలబెడుతుంది.

ఈ కోణంలో చూస్తే ఎంపిక తేలికవుతుంది. ఎక్స్‌టర్మ్, అలాక్రిట్టీ రెండూ అక్షరాలను కలిపి గీసే పని పెట్టుకోవు. వేగం కోసం వాటిని వాడేవాళ్లు తెలుగు చదవడానికి ఇంకో విండో ఉంచుకోవాలి. గ్నోమ్ టెర్మినల్‌లో గుడులు, దీర్ఘాలు బాగానే కుదురుతాయి, ఒత్తుల దగ్గర తడబడుతుంది. 25.10కి ముందు ఉబుంటు వెర్షన్లతో పాటే వచ్చేది. అది ఉన్నవాళ్లకు, తెలుగు అప్పుడప్పుడూ మాత్రమే కనబడే పనికి అది చాలు, ఇంకేమీ వేసుకోనక్కర్లేదు. కేడీఈ వాళ్ల కొన్సోల్ ఒత్తులను కలిపి చూపడంలో దానికంటే మెరుగు. బదులుగా కర్సర్ అక్షరం మీద కాకుండా కాస్త పక్కన నిలబడుతుంది, లైను మధ్యలో దిద్దేటప్పుడు జాగ్రత్త పడాలి. రోజూ తెలుగు ఫైళ్లు చదివేవాళ్లకు నేను చెప్పేది కొన్సోలే.

ఎంఎల్‌టర్మ్ పేరు మన వైపు తక్కువ మందికి తెలుసు. బహుభాషల కోసమే రాసిన టెర్మినల్ అది, యూనికోడ్‌కు ముందు భారతీయ భాషలకు వాడిన ఇస్కీ ఎన్‌కోడింగ్‌ను కూడా చదువుతుంది. సెట్టింగుల్లో ఓపెన్‌టైప్ లేఅవుట్, మారే గడి వెడల్పు రెండూ ఆన్ చేస్తే శ్రీకాళహస్తి చక్కగా వస్తుంది. వెడల్పు మారడం వల్ల పట్టికలు వంకర పోతాయి. పైగా సెట్టింగులన్నీ ఫైల్లో రాసుకోవాలి, కొత్తవాళ్లకు అది విసుగు. ఓపిక ఉన్నవాళ్లు ఒకసారి చూడదగ్గదే.

నా దృష్టిలో తెలుగు మీద గంభీరంగా పనిచేసేవాళ్లకు అన్నిటికంటే మంచి దారి ఈమాక్స్ అనే ఎడిటర్‌ను గ్రాఫిక్ విండోలో తెరిచి, దాని లోపల షెల్ (కమాండులు నడిపే ప్రోగ్రాము) నడుపుకోవడం. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాలు గీస్తుంది, ఒత్తులన్నీ అచ్చు పుస్తకంలోలా కుదురుతాయి. వెతకడం, మార్చడం, కమాండు ఫలితాన్ని అక్కడే దిద్దడం అన్నీ ఒకచోటే. నేర్చుకోవడానికి సమయం పడుతుంది, ఆ మాట దాచను. పాత పాఠాలు యూనికోడ్‌లోకి ఎక్కించేవాళ్లు, పదకోశాలు తయారు చేసేవాళ్లు పెట్టిన సమయం మాత్రం తిరిగొస్తుంది. మ్యాక్ ఉన్నవాళ్లకు దాంతో వచ్చే టెర్మినలే ఒత్తులను కలిపి చూపిస్తుంది, వేరే వెతుకులాట అక్కర్లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే నల్ల తెర కన్సోల్‌లో తెలుగు ఆశించకండి. దాని ఫాంటులో 512 బొమ్మలకు మించి పట్టవు, కలిపి గీయడం దానికి రాదు.

ఏ విండో ఎంచుకున్నా నిలువు వరసలు కుదరవని తెలుసుకోండి. బాష్ షెల్‌లో ప్రింట్‌ఎఫ్ కమాండుకు 20 వెడల్పు ఇస్తే అది బైట్లు లెక్కపెడుతుంది. 'తిరుపతి' అప్పటికే 21 బైట్లు, కాబట్టి ఒక్క ఖాళీ కూడా చేర్చదు. మండలాల పట్టిక చూడాలంటే ట్యాబులతో వేరు చేసి లిబ్రె ఆఫీస్ కాల్క్‌లో తెరవడమే నయం.

విండోస్ మీద ఉన్నవాళ్లకు

ఆఫీసుల్లో, షాపుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. పాత నల్ల కన్సోల్‌లో కోడ్ పేజీని 65001కి మార్చినా డబ్బాలే కనబడతాయి, అక్కడ సమయం వృథా చేయకండి. విండోస్ టెర్మినల్ వేసుకోండి, విండోస్ 11లో అది సిద్ధంగానే ఉంటుంది. తెలుగు అక్షరాలను అది నిర్మల ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది. కొత్త వెర్షన్లలో అక్షరాలను గుంపులుగా లెక్కించే ఏర్పాటు వచ్చింది కాబట్టి అప్‌డేట్ చేసుకోవడం మంచిది.

అంతకంటే ముఖ్యం విండోస్ షెల్ అయిన పవర్‌షెల్ వెర్షన్. విండోస్‌తో వచ్చే 5.1లో ఫలితాన్ని ఫైల్లోకి మళ్లిస్తే యూటీఎఫ్-16లో రాస్తుంది. దాన్ని లినక్స్‌కు తీసుకెళ్తే మాటలు వెతికే గ్రెప్ కమాండు అది బైనరీ ఫైలంటుంది. ఇది సరిచేసుకోవచ్చు. బయటి ప్రోగ్రాముకు పైపు ద్వారా పంపితే మాత్రం తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది, పైన చెప్పిన 3ఎఫ్‌ల నష్టం ఇక్కడే జరుగుతుంది. పవర్‌షెల్ 7లో రెండింటికీ యూటీఎఫ్-8 వాడుతుంది. తెలుగు డేటా ముట్టుకునే మెషీన్లో 7 గానీ, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) గానీ తప్పనిసరి అంటాను.

విండోస్ ప్రాంతీయ సెట్టింగుల్లో యూటీఎఫ్-8ను సిస్టమ్ అంతటికీ వర్తింపజేసే బీటా టిక్కు ఒకటుంది. ప్రోగ్రాములు రాసుకునే సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చు. షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్లో వద్దు, పాత ప్రోగ్రాములు దాంతో చెడే అవకాశం ఉంది.

ఫాంటు, కీబోర్డు

సమాన వెడల్పు తెలుగు ఫాంటు కోసం వెతకొద్దు. టెర్మినల్‌కు మీకు నచ్చిన ఇంగ్లీషు ఫాంటు పెట్టి, తెలుగుకు నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ ఇన్‌స్టాల్ చేస్తే సిస్టమ్ దాన్ని వాడుకుంటుంది. మన శ్రీకాళహస్తి కవి పేరుతో ఉన్న ధూర్జటి ఫాంటు నాకు చాలా ఇష్టం, శీర్షికలకు వాడతాను. చిన్న సైజులో, నల్ల తెర మీద మాత్రం నోటోనే చదవడానికి హాయి.

టైపింగ్‌కు లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన కీబోర్డు పద్ధతులన్నీ వస్తాయి. ఇంగ్లీషు కీబోర్డు అలవాటున్న పిల్లలు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్‌తో వెంటనే మొదలుపెట్టేస్తారు. రోజూ పేజీలకు పేజీలు కొట్టేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలి, తమిళం, కన్నడం కూడా అదే అమరికలో వస్తాయి కాబట్టి మన జిల్లాలకు ఇంకా లాభం. టెర్మినల్‌లో బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే ఒక గుడో కొమ్మో పోతుంది, అక్షరం మొత్తం పోదు. అది సహజమే. కనబడేది ఒకటి, తుడుచుకుపోయేది ఇంకొకటి అయితే మాత్రం టెర్మినల్ సెట్టింగులు చూపే ఎస్‌టీటీవై కమాండులో ఐయూటీఎఫ్8 ఆన్ అయి ఉందో లేదో చూడండి.

ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టాలా?

పెట్టొచ్చు, హద్దు తెలుసుకుని పెట్టాలి. లినక్స్ డిస్కుల ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైలు పేరుకు 255 బైట్ల పరిమితి, అంటే తెలుగులో 85 సంకేతాలు. 'శ్రీకాళహస్తి' ఒక్క మాటకే 36 బైట్లు ఖర్చవుతాయి. విండోస్ లెక్క వేరు, అక్కడ 255 సంకేతాల దాకా నడుస్తుంది. అందుకే అక్కడ పెట్టిన పొడవాటి పేర్ల ఫైళ్లు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌లోకి కాపీ కాకుండా మొండికేస్తాయి.

గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాధనం) వాడేవాళ్లకు తెలుగు పేరు కనబడకుండా 340, 260, 244 అని అంకెలు వస్తాయి. అవి 'త' తాలూకు మూడు బైట్లే, ఆక్టల్‌లో. గిట్ సెట్టింగుల్లో కోర్ కింద కోట్‌పాత్‌ను ఫాల్స్ చేస్తే పేర్లు మామూలుగా కనబడతాయి. ఐత్వం ఉన్న పేర్లతో ఇంకో మెలిక ఉంది. 'చెన్నై', 'శైలజ' లాంటి వాటిలో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం, ఐత్వపు గుర్తు కలిపి రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. పాత మ్యాక్ డిస్కులు పేర్లను రెండుగా విడదీసి దాచేవి. అలాంటి చోటు నుంచి వచ్చిన జాబితాలో శైలజ పేరు వెతికితే దొరక్కపోతే, యూకాన్వ్ కమాండుతో మొత్తాన్ని ఎన్ఎఫ్‌సీ (కలిపి ఒకే సంకేతంగా రాసే) రూపానికి మార్చి మళ్లీ వెతకండి.